మా అక్క చెయ్యి, నూట ఇరవై బై ఎనభై

నా కోపం సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అడగక్కర్లేదు కూడా. పొద్దున్న పదింటికి వచ్చి మా మెట్ల దగ్గర నిలబడితే చాలు, దానంతట అదే వినిపిస్తుంది. పక్క కొట్టులో వాచీలు బాగుచేసే బాబాయి నాకు కుక్కర్ అనీ, మా అక్కకి ఫ్రిజ్ అనీ పేర్లు పెట్టి ఇరవై ఏళ్లయింది. ఆ పేరు నచ్చలేదని మొదట్లో ఆయన మీద ఇంతెత్తున లేచాను. దాంతో పేరు ఖాయమైపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది కుక్కర్ గురించి కాదు, ఫ్రిజ్ గురించి. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా గొంతు పెంచని మా అక్క, బీపీ వల్ల మాకు దక్కకుండా పోయేదే. తప్పు నాది. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు, ఇప్పటికే చాలామంది దగ్గర ఒప్పుకున్నాను.

మాది బీపీ మిషన్లు బాగుచేసే కొట్టు. నాన్న పెట్టింది. వెడల్పు ఎంతంటే, నేనూ అక్కా ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. నా బల్ల నిండా విప్పేసిన డయళ్లు, సన్నటి స్క్రూడ్రైవర్లు, రబ్బరు గొట్టాలు. అక్క బల్ల మీద కుట్టు మిషను. చేతికి చుట్టే పట్టీలు చిరిగినా, అంటుకునే చోట పట్టు తప్పినా తనే కుడుతుంది. తను కుట్టిన పట్టీ మళ్లీ బాగుకి వచ్చిన పాపాన పోలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చేసుకుందామనే అనుకున్నాను. ఈలోపు ఇంకో సంచీడు పట్టీలు వచ్చాయి" అంటుంది. అంతకుమించి రాబట్టడం ఎవరి తరమూ కాలేదు. కొట్టు పైన ఇంట్లోనే నేనూ, మా ఆవిడా, అక్కా ఉంటాం.

నాన్న హయాంలో మా కొట్టుకి ఒక పెద్దదిక్కు ఉండేది. చెక్క పెట్టెలో మూరెడు గాజు గొట్టం, అందులో పాదరసం. దాన్ని మేం పెద్దాయన అనేవాళ్లం. బాగుచేసిన డయల్నీ పెద్దాయన్నీ ఒకే గొట్టానికి తగిలించి గాలి కొట్టాలి. పాదరసం నూట యాభై దగ్గర ఉంటే డయల్లో ముల్లు కూడా నూట యాభై దగ్గరే నిలబడాలి. తేడా వస్తే లోపలున్న చిన్న స్క్రూ తిప్పి ముల్లుని దారికి తేవాలి. "పెద్దాయన్ని అడిగావా?" అని అడగకుండా నాన్న ఏ మిషన్నీ గడప దాటనిచ్చేవాడు కాదు.

ఆ తర్వాత ఇంకొక్క పరీక్ష ఉండేది. మిషన్‌ని మనిషి చేతికి కట్టి చూడటం. ఆ చెయ్యి అక్కది. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టింది. ఎప్పుడు కట్టినా నూట ఇరవై బై ఎనభై, గీత గీసినట్టు. నేను కూడా ఒకసారి ఉత్సాహంగా చెయ్యి చాపాను. "నీ చేతికి కడితే మిషనుకే బీపీ వస్తుందిరా, అవతలికి పో" అన్నాడు నాన్న.

నాన్న పోయాక కొట్టు నా చేతికొచ్చింది. ఆరేళ్ల కిందట ఒక ఆసుపత్రి కాంపౌండరు వచ్చి, మేం బాగుచేసిన మిషన్లో గాలి నిలబడటం లేదని అన్నాడు. మెల్లిగానే అన్నాడు పాపం. గొట్టం సరిగ్గా తగిలించడం చేతకాక మా మీద పడతావా అని నేను బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. బల్ల వెళ్లి అలమరకి కొట్టుకుంది. అలమర మీద నుంచి పెద్దాయన కిందికొచ్చాడు.

గాజు పగిలింది. పాదరసం చిన్నచిన్న గుళ్లుగా నేలంతా దొర్లింది. కాంపౌండరు ఎప్పుడు వెళ్లిపోయాడో తెలీదు. నాన్న ప్రాణంలా చూసుకున్న వస్తువు. తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. అక్క కిటికీలన్నీ తెరిచి, అందర్నీ బయటికి పంపి, రెండు అట్టముక్కలతో ఒక్కో గుండూ పోగుచేసి సీసాలోకి ఎత్తింది. కోప్పడలేదు. 

"పోనీలేరా, కొత్తది వచ్చేదాకా నా చెయ్యి ఉందిగా" అంది.

ఆ మాట నాకు అమృతంలా అనిపించింది. వచ్చే నెల కొత్త పెద్దాయన్ని తెద్దామనుకున్నాను. ఆ నెల వచ్చింది, పోయింది. అక్క చెయ్యి ఉండగా తొందరేముందిలే అని ఇంకో నెల. అలా ఆరేళ్లు గడిపేశాను, సిగ్గులేని మొహాన్ని. డయల్ బాగుచెయ్యడం, అక్క చేతికి కట్టడం, ముల్లు నూట ఇరవై దగ్గర ఉంటే సరే సరి, నూట ఇరవై నాలుగుంటే స్క్రూ తిప్పి నూట ఇరవైకి దింపడం. ఇదీ మా పద్ధతి.

పోనుపోను ఒక చిక్కు మొదలైంది. వచ్చే డయళ్లన్నీ ఎక్కువే చూపించసాగాయి. మొదట నాలుగు, తర్వాత పది, ఇంకా తర్వాత ముప్ఫై, చివరికి అరవై. నేను స్క్రూ తిప్పుతూ, వాటిని తయారుచేసినవాళ్లని వరసపెట్టి తిట్టేవాణ్ని. "స్ప్రింగులా ఇవి? పిల్లలు ఆడుకునే బొమ్మల్లో కూడా ఇంతకంటే మంచివి వేస్తారు!"

వాచీల బాబాయి ఒకరోజు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. "ఒరేయ్ కుక్కరూ, నా దగ్గరికొచ్చే వాచీల్లో కొన్ని ముందుకెళ్తాయి, కొన్ని వెనకబడతాయి. నీకొచ్చేవన్నీ ముందుకే ఎలా పోతాయిరా?"

"నీ పని నువ్వు చూసుకో బాబాయ్!"

"చూసుకుంటాలే. నాకెందుకు" అని వెళ్లిపోయాడు. ఆ పూట ఆయన మాట చెవికెక్కించుకుని ఉంటే ఈ కథే లేదు.

ఇంట్లో బెంగంతా నా గురించే. నాన్నకి బీపీ ఉండేది. ఆయన కొడుకు, పైగా ముక్కు మీద కోపం, వీడికి కాక ఎవరికొస్తుంది అని అందరూ తీర్మానించేశారు. మా ఆవిడ నా కంచంలో ఉప్పు తగ్గించేసింది. రోజూ సాయంత్రం బీపీ చూసేది. అదీ నాన్న నాటి పాత మిషన్తో. దాన్ని మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "మీరు చెయ్యి పెడితే దాని బతుకూ మీ కొట్టు పాలవుతుంది" అని బీరువాలో పెట్టి తాళం వేసేది. ఆ మిషన్లో నాకెప్పుడూ నూట ఇరవై, నూట ఇరవై ఐదు. అరిచిన వెంటనే చూస్తే నూట యాభై. పావుగంటకి మళ్లీ మామూలే. అయినా ఆవిడకి నమ్మకం కుదిరేది కాదు.

"ఈ రోజు లేకపోతే రేపొస్తుంది. ఆ అరుపులకి రాకుండా ఎక్కడికి పోతుంది?"

చప్పిడి కూర తినలేక నేను నానా తంటాలు పడుతుంటే, ఉప్పు డబ్బా అక్క వైపు జరిగేది. "నీ వాటా కూడా నేనే వేసుకుంటాలేరా" అని నవ్వేది. అక్కకి ఉప్పంటే ప్రాణం. తనకేం, నూట ఇరవై బై ఎనభై! పొద్దున లేవగానే తలనొప్పిగా ఉందని మాత్రం అప్పుడప్పుడూ అనేది. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్లు లాగుతున్నాయిలే అని తనే సర్దిచెప్పుకునేది. ఆ పాత మిషన్ తన చేతికి కట్టాలని ఎవరికీ తోచలేదు. రోజూ కొట్టులో బీపీ చూపించుకునే మనిషికి మళ్లీ ఇంట్లో ఎందుకు?

రెండు వీధులవతల క్లినిక్ పెట్టిన డాక్టరమ్మ ఒక మిషన్ని మాకు మూడుసార్లు తిప్పి పంపింది, తక్కువ చూపిస్తోందని చీటీ రాసి. మూడుసార్లూ అక్క చేతికి కట్టి చూసి, దివ్యంగా ఉందని వెనక్కి పంపాను. నాలుగోసారి మిషన్ పట్టుకుని ఆవిడే వచ్చింది.

"మీ మిషన్ ఒకాయనకి నూట ఎనిమిది చూపించింది. అనుమానమొచ్చి ఇంకోదాంతో చూస్తే నూట అరవై ఉంది. ఆయన్ని మందులక్కర్లేదని ఇంటికి పంపించేసేదాన్ని" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా మిషన్ తప్పు చూపించదు మేడమ్! ఇది మా నాన్న పెట్టిన కొట్టు! ఇప్పుడే మీ కళ్లముందే తేల్చేస్తాను. అక్కా, చెయ్యి చాపు!"

అక్క కుట్టు ఆపి చెయ్యి చాపింది. పట్టీ కట్టి, చెవులకి స్టెతస్కోపు పెట్టుకుని, గాలి కొట్టి వదిలాను. నూట ఇరవై బై ఎనభై. "చూశారా!" అన్నాను, వీధి చివరిదాకా వినపడేలా.

డాక్టరమ్మ తన సంచీలోంచి ఇంకో మిషన్ తీసి అదే చేతికి కట్టింది. చూసింది. రెండో చేతికి మార్చి చూసింది. "అయిదు నిమిషాలు ఏం మాట్లాడకుండా కూర్చోండమ్మా" అని, మళ్లీ చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"నూట ఎనభై రెండు బై నూట ఎనిమిది."

"మీ మిషన్ పాడైంది!" అన్నాను.

ఈ గోలకి మా ఆవిడ పైనుంచి దిగి వచ్చింది. సంగతి విని, మళ్లీ పైకి పరిగెత్తి బీరువాలోని పాత మిషన్ తెచ్చింది. డాక్టరమ్మ దాంతోనూ చూసింది. నూట ఎనభై బై నూట ఆరు. నా చేతికీ కట్టింది. నూట యాభై నాలుగు. అది అరుపు తాలూకుది. పదిహేను నిమిషాలు నన్ను నోరు మూసుకుని కూర్చోబెట్టి మళ్లీ చూస్తే నూట ఇరవై ఆరుకి దిగింది. అక్కది దిగలేదు.

ఆ పదిహేను నిమిషాల్లో నాకు మొత్తం అర్థమైంది. పాడైపోయింది స్ప్రింగులు కాదు. అక్క బీపీ ఏడాదికింత చొప్పున పైకి వెళ్తోంది. వెళ్తోందని ప్రతి మిషనూ నా మొహం మీదే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నేను స్క్రూ తిప్పి దాని నోరు నొక్కాను. ఆరేళ్లు. ఊళ్లో మా అక్కకి చూసినన్నిసార్లు ఇంకెవరికీ బీపీ చూసి ఉండరు. ఒక్కసారీ నేను అక్కని చూడలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, డాక్టరమ్మ ముందే.

"ఒరేయ్, ఏడుపు తర్వాత" అంది అక్క. "ఎన్ని మిషన్లు బయట ఉన్నాయో ముందు అది చూడు. వాటితో ఎంతమందికి చూస్తున్నారో ఏమో."

తనకి నూట ఎనభై ఉందని తెలిసిన పావుగంటకి మా అక్క అన్న మొదటి మాట అది.

డాక్టరమ్మ ఆ రోజే మందు మొదలుపెట్టి, గుండెకీ మూత్రపిండాలకీ కళ్లకీ పరీక్షలు రాసింది. పరీక్షల్లో గుండె గోడ కాస్త మందమైందని తేలింది, కంటి నరాల్లో కొద్దిగా తేడా ఉంది. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే ఏ పూటైనా పక్షవాతం వచ్చేదేనని నాతో విడిగా చెప్పింది. అక్కకి మాత్రం ఇదంతా వింతగా ఉంది.

"నాకేమీ అనిపించడం లేదే డాక్టరుగారూ. అసలు నాకు కోపమే రాదు, బీపీ ఎలా వచ్చింది?"

"కోపానికి బీపీ లేస్తుందమ్మా, కోపం తగ్గితే దిగుతుంది. మీ తమ్ముడిది చూశారుగా. లేచింది దిగకుండా అలాగే ఉండిపోతే అది జబ్బు. దానికి కోపమే ఉండక్కర్లేదు. మీ నాన్నగారికి ఉందన్నారు, వయసుంది, ఉప్పుంది."

"విన్నావా?" అన్నాను మా ఆవిడతో. "కోపానికీ బీపీకీ సంబంధం లేదట!"

"నేనలా అనలేదు" అంది డాక్టరమ్మ నా వైపు తిరిగి. "రోజుకి పదిసార్లు నూట యాభైకి ఎక్కి దిగడం ఆరోగ్యమని ఎవరూ చెప్పలేదు మీకు. ఆ బల్లలు గుద్దడం మానండి." తర్వాత అక్కని అడిగింది. "నిజంగానే మీకెప్పుడూ కోపం రాదా?"

అక్క నా వైపు చూసింది. "వచ్చేదండీ. వీడు ముందే అరిచేసేవాడు. కొట్టులో ఇద్దరం అరిస్తే ఇంక చెవిలో నాడి చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? అందుకని ఊరుకునేదాన్ని."

ఆ మాట నన్ను కోసేసింది. తను అలా పుట్టిందనుకున్నాను నేను. నా పని సాగడం కోసం నోరు కట్టుకుని కూర్చుందని నాకెన్నడూ తోచలేదు.

మర్నాటి నుంచీ తిరగడం మొదలుపెట్టాను. బాగుచేసిన వాటికి మేం అతికించే చీటీల చిట్టా ప్రకారం నలభై మూడు మిషన్లు. అక్కని డాక్టరమ్మ రెండు వారాలు కదలొద్దంది కాబట్టి ఒక్కణ్నే వెళ్లాలి. బయల్దేరేముందు అక్క చెప్పిన షరతు ఒక్కటే. "ఎవరేమన్నా పడు. తిరిగి ఒక్క మాటన్నావో, నేనే లేచొస్తాను." తను లేవకూడదు కదా, అందుకని పడ్డాను. పాత పేషెంట్లందర్నీ పిలిచి మళ్లీ చూడాల్సి వచ్చిందని ఒక డాక్టరు కడిగిపారేశాడు. కొందరికి మందు పెంచాల్సి వచ్చిందట. న్యాయమే, తలొంచుకుని విన్నాను. అసలు ఘట్టం ఆసుపత్రిలో జరిగింది. అక్కడ ఆ రోజుల్లో నా చేత తిట్లు తిన్న కాంపౌండరే ఉన్నాడు.

"ఏమన్నారు? మిషన్లు తప్పా? ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

"తప్పు."

"వినపడలేదు. మీ గొంతు ఇంత చిన్నదని నాకు తెలీదే!"

పళ్లు నూరుకుంటూ మూడోసారి చెప్పాను. ఆయన పెద్దమనిషి, నవ్వి కుర్చీ వేసి, నాకు బీపీ చూశాడు. నూట నలభై ఎనిమిది. "కోపం మింగినా బీపీ ఎక్కుతుంది సుమండీ" అని మంచినీళ్లిచ్చాడు. మంచి స్నేహితులమైపోయాం.

నెల తిరిగేలోపు కొత్త పెద్దాయన వచ్చాడు. ఇది పాదరసంది కాదు, అంకెలు చూపించే రకం. అలమర మీద కాదు, గోడకి నాలుగు మేకులతో బిగించాను. నేనేమన్నా గుద్దితే గోడే పడాలి. వెనక్కి తెచ్చిన మిషన్లన్నీ దానికి తగిలించి ఒక్కొక్కటే సరిచేశాను. మొదటి దాని పని అవగానే అక్క అలవాటుగా జాకెట్టు చెయ్యి పైకి మడిచి, నా బల్ల మీద చెయ్యి పెట్టింది.

"అక్కర్లేదక్కా. ఇప్పుడిది ఉందిగా" అన్నాను.

తను చెయ్యి వెనక్కి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది, రెండుసార్లు తప్పింది. "అంతేలే. ముప్ఫై ఎనిమిదేళ్లు పనికొచ్చింది, ఇంక ఈ చెయ్యి దేనికి" అంది, చిన్నగా.

నేను లేచి, ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ బల్ల మీద పెట్టాను. "ఇన్నాళ్లూ నీ చేత్తో మిషన్ని చూశాం. ఇకనుంచి మిషన్తో నిన్ను చూస్తాం. రోజూ పొద్దున్నే, మొదటి మిషన్ నీకే" అన్నాను. అక్క మళ్లీ సూది అందుకుంది. దారం ఈసారి ఒక్కసారికే ఎక్కింది.

అప్పట్నుంచీ అలాగే జరుగుతోంది. మందు పనిచేస్తోంది. నూట ముప్ఫై, నూట ఇరవై ఎనిమిది. పొద్దున తలనొప్పి పోయింది. ఉప్పు డబ్బా మా ఇద్దరి దగ్గర్నుంచీ మాయమైంది. మా ఆవిడ దాన్ని ఎక్కడో దాచేసింది. నేను అరవడం సగానికి సగం తగ్గించానని నా అభిప్రాయం. వాచీల బాబాయిది వేరే అభిప్రాయం.

మొన్న పొద్దున పెద్దాయన్ని అడిగి సరిచూసిన మిషనే అక్కకి కట్టాను. గాలి కొట్టి వదిలాను. నూట నలభై ఆరు దగ్గర నాడి చప్పుడు మొదలైంది. నా కుడిచెయ్యి నాకు తెలీకుండానే స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. ఆరేళ్ల అలవాటు మరి.

అక్క ఆ చేతి మీద ఠపీమని ఒక్కటేసింది.

"దాన్ని ముట్టుకోకు. అది నిజమే చెబుతోంది."

"మరి ఈ నూట నలభై ఆరేమిటి?"

అక్క కుట్టు మిషను వైపు చూసింది. కప్పు వైపు చూసింది. "ఉప్పు డబ్బా మీ ఆవిడ ఎక్కడ దాచిందో కనిపెట్టాను" అంది. "నాలుగు రోజులైంది."

నాకు వచ్చిన కోపానికి అంతూ దరీ లేదు. నేనరిచిన అరుపుకి బాబాయి కంటికి పెట్టుకున్న భూతద్దంతోనే పరిగెత్తుకొచ్చాడు. మా ఆవిడ మెట్ల మీద నుంచే "డబ్బా ఇటివ్వండి వదినా!" అని కేకేసింది. అక్క మాత్రం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. చెయ్యి మాత్రం బల్ల మీద నుంచి తియ్యలేదు.

"నవ్వకు! నవ్వితే సరిగ్గా రాదు!" అని అరుస్తూ, రెండోసారి చూడటానికి పట్టీ సర్ది మళ్లీ గాలి కొట్టాను.